మందు ముట్టని కార్జం

శివనగర్‌లో దేవదానానికి ఉన్న పేరులో సగం ఆయన పొట్టది. డిసెంబరు రాగానే చర్చి సంఘం నుంచి పాటల గుంపు బయలుదేరి ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆ గుంపు ముందు ఎర్ర కోటు తొడుక్కుని, తెల్ల గడ్డమున్న ప్లాస్టిక్ ముసుగు పెట్టుకుని ఎగురుకుంటూ పోయే క్రిస్మస్ తాత ఆయనే. వేరే పేటల తాతలు కోటు లోపల దిండు కట్టుకుంటారు. మన తాతకు ఆ ఖర్మ లేదు. "దేవుడే కట్టి పంపిండు" అని ఆడవాళ్లు నవ్వితే, ఆయన పొట్ట నిమురుకుంటూ ఆ మెప్పును సంతోషంగా స్వీకరిస్తాడు.

మిగతా సగం పేరు మందు ముట్టనందుకు. డోర్నకల్‌లో రైల్వే సిగ్నళ్లు బాగుచేసే పని చేసి రిటైరయ్యాడు. అన్నేళ్లు ఎండలో వానలో పట్టాల వెంట తిరిగినా ఒక్క చుక్క నాలుక మీద వేసుకోలేదు. వేసుకోకపోతే వేసుకోకపోయాడు, ఊరుకోవచ్చు కదా! ఊరుకోడు. పెళ్లిలోనైనా పండుగలోనైనా ఎవరి చేతిలో గ్లాసు కనబడితే వాళ్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. "తాగబుద్ధయితే కూల్ డ్రింక్ తాగుండ్రి. నేను తాగుతలేనా?" అని తన గ్లాసు ఎత్తి చూపిస్తాడు. వాళ్లు ఎన్ని గ్లాసులు తాగితే ఈయన అన్ని గ్లాసుల కూల్ డ్రింక్ తాగి, తూలకుండా లేచి నిలబడి మరీ చూపిస్తాడు. అది చూసి మానేసినవాళ్లు కూడా ఉన్నారు, అబద్ధమెందుకు.

మానని మనిషి సొంత బామ్మర్ది బెన్నీ. దేవదానం భార్య విమలకు తోడబుట్టిన తమ్ముడు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలే ట్రాలీ ఆటో ఉంది అతనికి. మనసు మంచిది, డోలక్ కొడితే ముసలివాళ్ల కాళ్లు కూడా కదులుతాయి. కానీ సాయంత్రమైతే అండర్ బ్రిడ్జి పక్కనున్న వైన్ షాపు దాటి రాలేడు. పోయిన క్రిస్మస్‌కు పాటల గుంపు ఆ షాపు ముందు నుంచి పోతుంటే డోలక్ ఎవరి మెడలోనో వేసి మాయమయ్యాడు, పండుగ పొద్దున ఆరాధనకు ఊగుతూ వచ్చాడు. ఆ రోజు అతని భార్య కీర్తన తలెత్తలేదు. ఈ ఏడు డిసెంబరు పుట్టగానే ఒక్కటే మాట చెప్పింది: "ఈ పండుగకు గూడ తాగొస్తే పిల్లను తీస్కొని నెక్కొండల మా అమ్మ దగ్గరికి పోత. మల్ల రాను." ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి అట్లా అనేసరికి విమలకు అన్నం సహించలేదు, దేవదానానికి నిద్ర పట్టలేదు.

సరిగ్గా అప్పుడే సంఘం ఆవరణలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. పొట్ట స్కానింగ్ మిషన్ కూడా తెచ్చారు. దేవదానానికి సందు దొరికింది.

"నీ కార్జం ఏ గతి పట్టిందో మిషన్లనే తేలుతది. పాడైందని వస్తే బంజేస్తవా?" అని బెన్నీని పట్టుకున్నాడు.

"వస్తె బంజేస్త బావా. రాకుంటె మాత్రం నువ్వు ఇగ నోరు తెరువద్దు" అన్నాడు బెన్నీ.

లివర్ అనండి, కాలేయం అనండి, అక్కడ అందరూ కార్జమనే అంటారు. పందెం విమల ముందు, కీర్తన ముందు కుదిరింది. శిబిరం పొద్దున దేవదానం అందరికంటే ముందు పోయి టోకెన్ తీసుకున్నాడు. బెన్నీ ఆలస్యంగా వచ్చి, మార్కెట్లో లోడు ఉందని గోల పెడితే తన టోకెన్ అతనికిచ్చి, చివర్లో ఉన్న అతని టోకెన్ తను తీసుకున్నాడు. పెద్దమనిషి కదా.

తర్వాత రోజు శిబిరంలో స్కానింగ్ చేసిన డాక్టర్ యమున ఫోన్ చేసింది. "అంకుల్, మీ లివర్‌లో కొవ్వు బాగా పట్టింది. ఒకసారి వచ్చి కలవండి. మీ బామ్మర్దికి ఏం లేదు. ఆయన ఫోన్ కలుస్తలేదు, మీరే చెప్పండి."

దేవదానం ఫోన్ పెట్టేసి పొట్ట అదిరేలా నవ్వాడు. విమల వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది.

"టోకెన్లు మార్చుకున్నం గద! నాది అని చెప్పింది వానిది, వానిది అని చెప్పింది నాది. నేను ముందే చెప్పిన. మందు ముట్టనోడి కార్జం ఎట్ల పాడైతది?"

అంత సూటిగా కనబడుతున్న లెక్కను మళ్లీ సరిచూసుకోవాలని ఎవరికి తోస్తుంది? సిగ్నల్ దీపం వెలగకపోతే పట్టాల వెంట ఉన్న ప్రతి జాయింటూ విప్పి చూసే మనిషికి కూడా తోచలేదు. సాయంత్రం బెన్నీ ఇంటికి పోయి, కీర్తన ముందే చెప్పేశాడు. బెన్నీ మొదట నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"ఏ దిక్కుంటది బావా అది?"

"కుడి దిక్కు. పక్కటెముకల కింద."

బెన్నీ అక్కడ చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. కడుపులో బిడ్డ కదులుతుందేమో అని చూసుకునే ఆడమనిషిలా అరచేతితో మెల్లగా తడిమాడు. ఆ రోజు నుంచి సాయంత్రాలు సీదా ఇంటికొచ్చాడు. మొదట్లో చేతులు వణికితే కీర్తన యమున దగ్గరికి తీసుకుపోయి గోళీలు రాయించుకొచ్చింది. యమున స్కానింగ్ సంగతి ఎత్తబోతే "మా బావ అంత చెప్పిండు డాక్టరమ్మా" అని బెన్నీ సిగ్గుతో తల దించుకున్నాడట. పొద్దున్నే లేచి పాత కోట ఖిలా దాకా నడిచి రావడం మొదలుపెట్టాడు. ఎవరు చాయ్‌కి పిలిచినా "చక్కెర వద్దు, నా కార్జం బాగలేదు" అని తనే చెప్పుకున్నాడు. కీర్తన ఒకరోజు వచ్చి దేవదానం రెండు చేతులూ పట్టుకుంది. "అన్నయ్యా, నా సంసారం నిలవెట్టినవ్" అంది. ఆయనకు కళ్లు తడయ్యాయి, ఛాతీ కొంచెం పెరిగింది కూడా.

ఆ ఊపులోనే బామ్మర్దికి ఇంకేం పెట్టాలో, ఏం పెట్టకూడదో కనుక్కుందామని యమున దగ్గరికి పోయాడు. టోకెన్ల సంగతి చెప్పి నవ్వాడు. యమున నవ్వలేదు.

"టోకెన్ లైన్‌లో నిలబడేటందుకే అంకుల్. మంచం మీద పడుకున్నంక పేరు మల్ల అడిగి రాసుకున్నం. మీ పొట్ట మీద అపెండిక్స్ ఆపరేషన్ మచ్చ ఉంది కదా, మిషన్ పెడుతుంటే మీరే చెప్పిన్రు, డోర్నకల్ రైల్వే దవాఖానల చేసిన్రని. నాకు మంచిగ గుర్తుంది."

దేవదానం చెయ్యి తనంతట తనే చొక్కా మీద ఆ మచ్చ ఉన్నచోటికి పోయింది. కుర్చీలో వెనక్కి జారబడ్డాడు.

"నేను మందు ముట్టనమ్మా. దేవుని మీద ఒట్టు."

"ముట్టరని నాకు తెలుసు. మందు తాగనోళ్లకు గూడ వస్తది. మనం తిన్నది తాగింది అంత లివర్ దగ్గరికే పోతది. ఎక్కువైంది కొవ్వు చేసి దాసుకుంటది. దాసి దాసి జాగ లేకుంటయితది. పండుగలప్పుడైతే రోజూ స్వీట్లు, నూనెల ఏంచినయి, మైదావి. ఇప్పుడే జాగ్రత్త పడితే తగ్గుతది, ఫికర్ చేయకండి. నడవండి, బరువు తగ్గండి, షుగర్ టెస్ట్ చేయించండి. ఎవరో చెప్పిన్రని పసర్లు, పొడులు మింగకండి."

"నొప్పి గూడ లేదు గదమ్మా?"

"చాలామందికి ఉండదు. అదే దాంతోని కష్టం."

ఆయన ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎక్కడ ఏ తీగ తెగినా సిగ్నల్ ఎర్రగా నిలిచిపోయేది, బండి ఆగిపోయేది. లోపం ఉందని అదే చెప్పేది. ఒంట్లో ఇంత పెద్ద సామానుకు దేవుడు ఒక ఎర్ర దీపమైనా పెట్టలేదే అనుకున్నాడు. భయం వేసింది. దానికంటే ఎక్కువ ఆశ్చర్యం వేసింది. ఎక్కణ్ణుంచి వచ్చింది ఇది?

లేవబోతుంటే యమున ఆపింది. "మీ బామ్మర్దిని పంపండి. ఇప్పటికి ఏం లేదని అంటే తాగొచ్చని కాదు, ఆయనకు నేను అర్థమయ్యేటట్టు చెప్పాలె."

"నేను చెప్తనమ్మా" అన్నాడు దేవదానం. చెప్పలేదు. ఎట్లా చెప్తాడు? నీ కార్జం శుభ్రంగా ఉందిరా అంటే పందెం ప్రకారం వాడు తిన్నగా అండర్ బ్రిడ్జి దగ్గరికి పోతాడు, కీర్తన నెక్కొండ బస్సెక్కుతుంది. పండుగ దాటనీ అనుకున్నాడు. తన సంగతి విమలకు కూడా చెప్పలేదు, ఆమె నోట్లో తమ్ముడి విషయం ఆగదు.

చెప్పకపోయినా వెతకడం మానలేదు. సిగ్నల్ పాడైతే ఒక చివర పట్టుకుని ఒక్కో తీగనూ విడదీసి చూసుకుంటూ పోవాలి, అనుమానం లేని తీగంటూ ఉండకూడదు. ఆయనకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ముందు వంటింట్లోకి పోయి నూనె డబ్బా ఎత్తి వెలుతురులో చూశాడు.

"ఏందయ్యా, గంతగనం చూస్తానవ్?"

"బెన్నీ గురించి. చేపల పులుసుల నూనె జర ఎక్కువేస్తానవా?"

"నా పులుసు తిని వాని కార్జం పాడైందా? గదే పులుసు నువ్వు గూడ తింటానవ్, నీది మంచిగనే ఉన్నది గద!"

ఆ తీగ అక్కడే వదిలేశాడు. చిన్నప్పుడు కామెర్లొస్తే నాయనమ్మ పోయించిన పసరు గుర్తొచ్చింది. అది కారణమైతే ఇన్నాళ్లు ఆగుతుందా? చివరికి ప్రభు భోజనంలో ఇచ్చే ద్రాక్షరసం మీదికి కూడా అనుమానం పోయింది, వెంటనే చెంపలేసుకుని ప్రార్థన చేసుకున్నాడు.

ఒక ఆదివారం బెన్నీ ఆయన్ను మటన్ షాపుకు తీసుకుపోయాడు. మేక కార్జం తింటే మనిషి కార్జం బాగవుతుందని మార్కెట్లో ఎవరో చెప్పారట. అది ఉత్తమాటేనని దేవదానానికి తెలుసు, అయినా చూడాలనిపించింది. కొక్కేనికి వేలాడుతున్న కార్జం ముదురు ఎరుపుగా, నున్నగా మెరుస్తోంది. వేలితో నొక్కి చూశాడు. ఇంత మెత్తటి ముద్ద అంత పని చేస్తుందా? తన లోపలున్నది ఏ రంగులో ఉందో?

"నేను దినాం దాని మీద పోస్తాంటె ఏమనుకున్నదో బావా" అన్నాడు బెన్నీ, దాన్నే చూస్తూ. "నువ్వు పట్టువట్టకపోతే నాకు తెల్వకుండనే సద్దును."

దేవదానం చప్పున షాపువాడి వైపు తిరిగి ధర అడిగాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

పండుగ దగ్గరపడి పాటల గుంపు బయలుదేరింది. దేవదానం ఎర్ర కోటు తొడుక్కున్నాడు, బెన్నీ డోలక్ మెడలో వేసుకున్నాడు. ఆ పేటలో ఒక ఆచారముంది. తాత ఇంటికొస్తే ఆ ఇంట్లో అందరికంటే చిన్నపిల్ల తన చేత్తో తాత నోట్లో కేకు ముక్క పెట్టాలి. తాత ఎంగిలి పడకుండా పోతే ఆ ఇంటికి పండుగ రానట్టే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వీధిలో ఉన్నంతసేపు తాత ముసుగు తీయకూడదు. అందుకని ముసుగు నోటి దగ్గర ఒక రంధ్రం ఉంటుంది.

ఈసారి దేవదానం గోరంత కొరికి మిగతాది జేబులో వేసుకుందామని నిర్ణయించుకున్నాడు. మొదటి ఇంట్లో అట్లాగే చేశాడు. లోపల కొంచెం గర్వపడుతుండగా ఆ ఇంటావిడ ఫ్రిజ్ తెరిచి పెద్ద సీసా తీసింది. "తాత కోసమనే దాచిపెట్టిన" అని గ్లాసు నిండా కూల్ డ్రింక్ పోసి, స్ట్రా వేసి చేతికిచ్చింది. నడిచి నడిచి దాహంగా ఉంది. రంధ్రంలోంచి స్ట్రా పెట్టుకుని పీల్చేశాడు. రెండో ఇంట్లో కేకు వదిలేశాడు, కూల్ డ్రింక్ తాగాడు. మూడో ఇంట్లోనూ అదే సీసా, అదే స్ట్రా.

నాలుగో ఇంట్లో గ్లాసు చేతికొచ్చాక ఆగాడు. ముసుగు కళ్ల రంధ్రాలు చిన్నవి, పక్కనున్న మనుషులు కనబడరు, ఎదురుగా ఉన్నది మాత్రమే కనబడుతుంది. ఎదురుగా గ్లాసు తప్ప ఏమీ లేదు. పసరు కాదు, మైదా కాదు, నూనె కాదు. ఇన్ని తీగలు విప్పి చూశాడు కానీ చేతిలో ఉన్నదాన్ని చూడలేదు. ఎందుకు చూస్తాడు? అది తను మంచివాడనేందుకు సాక్ష్యం కదా! పెళ్లిళ్లలో తాగేవాళ్లకు పోటీగా తాగింది, దసరాకు తాగింది, మధ్యాహ్నం భోజనమయ్యాక అలవాటుగా తాగింది. ప్రతి ఇంటి ఫ్రిజ్‌లోకీ ఆ సీసా ఎట్లా వచ్చిందో కూడా ఆయనకు తెలుసు. తనే చెప్పి చెప్పి పెట్టించాడు. దీనొక్కదాని తప్పే కాకపోవచ్చు, కేకులూ బిర్యానీలూ పొట్టా అన్నీ ఉన్నాయి. కానీ తీగ దొరికింది. దొరికినందుకు ఒక్క క్షణం కుర్రాడిలా సంబరపడ్డాడు, తర్వాత ఏడుపొచ్చింది. గ్లాసు అరుగు మీద పెట్టి గబగబా బయటికి నడిచాడు.

తర్వాతి ఇల్లు బెన్నీదే. గుమ్మం మీద కాగితపు నక్షత్రం వెలుగుతోంది. కీర్తన కొత్త చీర కట్టుకుంది. పాట అయిపోగానే వాళ్ల చిన్నపిల్ల కుర్చీ ఎక్కి తాత నోట్లో కేకు పెట్టింది.

"ఈసారి డోలక్ ఇంకా మా ఆయన మెడలనే ఉన్నది, చూసిన్రా?" అని కీర్తన గుంపులోని ఆడవాళ్లతో అంది.

బెన్నీ లోపల్నుంచి సీసా తెచ్చాడు. అన్నింటికంటే పెద్దది. "నేనైతే తీపి బంజేసిన. నా వంతుది గూడ నువ్వే తాగు బావా" అని గ్లాసు అంచు దాకా పోశాడు.

దేవదానం ఆ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. స్ట్రా రంధ్రం దాకా వచ్చింది, లోపలికి పోలేదు. గ్లాసు కింద పెట్టి, వీధిలో అందరి ముందు ముసుగు తీసేశాడు.

"తాత గాదు, మామ!" అని చిన్నపిల్ల అరిచింది.

"బెన్నీ, నీ కార్జం మంచిగున్నదిరా. పాడైంది నాది. టోకెన్లు మారినయని మొదలు నేనే తప్పు సమజ్ చేసుకున్న. తెలిసినంక గూడ చెప్పలే. చెప్తే నువ్వు మల్ల తాగుతవని భయపడ్డ. నీకు అబద్ధం చెప్పి నిన్ను ఆపిన, నాకు నేను అబద్ధం చెప్పుకుంట ఈ కూల్ డ్రింకులు తాగిన."

విమల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కీర్తన ఎవరినీ చూడలేదు, బెన్నీని మాత్రమే చూసింది.

బెన్నీ చెయ్యి అలవాటుగా కుడి పక్కకు పోయింది. "అంటె... మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"ఇన్నేండ్ల సంది నేను గంత పోసినా?"

"ఇప్పటిదాక ఓర్చుకున్నదిరా. ఇంకెన్నొద్దులు ఓరుస్తదో ఎవ్వలు చెప్పలేరు."

"పాపం" అన్నాడు బెన్నీ. ఎవరిని అన్నాడో మొదట ఎవరికీ అర్థం కాలేదు. అరచేతితో ఆ పక్కనే మెల్లగా రాసుకుంటుంటే తెలిసింది. "గిన్ని దెబ్బలు తిని ఊకున్నదా బావా? ఒక్క మాట అనకుంట?"

బెన్నీ డోలక్ తీసి దేవదానం మెడలో వేశాడు. పోయిన ఏడు కూడా సరిగ్గా ఇట్లాగే తీసి ఇంకొకరి మెడలో వేశాడు. కీర్తన కళ్లు మూసుకుంది.

"కోటు ఇడువు బావా. మిగిలిన ఇండ్లకు తాతను నేనైత. కీర్తనా, దిండు తే."

దిండు కట్టుకున్న తాత ముందు, డోలక్ చేతకాని దేవదానం వెనక, గుంపు అండర్ బ్రిడ్జి వైపు నడిచింది. తాళం ఎక్కడా కుదరడం లేదు, పాడేవాళ్లు తిట్టుకుంటున్నారు. వైన్ షాపు లైట్లు కనబడ్డాయి. అరుగు మీద బెన్నీ పాత దోస్తులు కూర్చున్నారు. నడక చూసి గుర్తుపట్టారేమో, "తాతా, జర ఇటు రారాదు" అని ఒకడు ప్లాస్టిక్ గ్లాసు చాచాడు.

తాత ఆగాడు. గ్లాసు దగ్గరికి పోయాడు. దేవదానం చెయ్యి డోలక్ మీద ఆగిపోయింది. కీర్తన విమల భుజం పట్టుకుంది. ముసుగు లోపల ఏ మొహముందో ఎవరికి తెలుసు? తాత సంచిలో చెయ్యి పెట్టి పిడికెడు చాక్లెట్లు తీసి, చాచిన ఆ గ్లాసులోనే పోశాడు. అరుగంతా గొల్లున నవ్వింది. తాత ఎగురుకుంటూ ముందుకు సాగాడు, దిండు కొంచెం జారింది.

"డోలక్ కొట్టు బావా, ఆపినవేంది?" అని వెనక్కి తిరిగి అరిచాడు.

దేవదానం కళ్లు తుడుచుకుని కొట్టాడు. విమల పక్కకొచ్చి, "ఇంటికి దా, నీ సంగతి చెప్త. రేపటి సంది ఖిలా దాక నేను గూడ నడుస్త" అంది చిన్నగా.

తర్వాతి ఇంట్లో పిల్ల కేకు పెట్టింది. తాత ఒక్క ముక్క తిన్నాడు. ఇంటావిడ సీసా కోసం ఫ్రిజ్ తలుపు తీయబోతుంటే ముసుగులోంచి గొంతు వచ్చింది. "మంచినీళ్లు ఇయ్యమ్మా. డోలకాయనకు గూడ."

పిల్ల లోపలికి పోయి రెండు స్టీలు గ్లాసులు పట్టుకొచ్చింది. తాత గ్లాసులో స్ట్రా వేసి ఉంది.